మీ వీధిలో కెమిస్ట్రీ పండగ: మూడు బల్లలతో ఎలా చేయాలి

ఫిబ్రవరి దగ్గరపడితే నాకు ఫోన్లు మొదలవుతాయి. "మాస్టారూ, మా అపార్ట్‌మెంట్ పిల్లలకి కెమిస్ట్రీ ప్రోగ్రాం ఏదైనా పెడదామనుకుంటున్నాం, ఏం చెయ్యమంటారు?" ఎంవీపీ కాలనీ నుంచి అడిగినా గాజువాక నుంచి అడిగినా ప్రశ్న ఒకటే. వెంటనే రెండో మాట కూడా వస్తుంది: "యూట్యూబ్‌లో అగ్నిపర్వతం పొంగుతుంది కదా, అది పెట్టేద్దామా?"

వద్దు. అగ్నిపర్వతం పొంగుతుంది, పిల్లలు చప్పట్లు కొడతారు, ఇంటికి పోతారు, అంతే. వచ్చినవాళ్ళు తమ సొంత వస్తువు ఒకటి తెచ్చి, తమ చేత్తో కొలిచి, ఒక అంకె రాసి వెళ్ళాలి. 2011ని ఐక్యరాజ్యసమితి అంతర్జాతీయ రసాయనశాస్త్ర సంవత్సరంగా ప్రకటించింది. మేరీ క్యూరీకి కెమిస్ట్రీ నోబెల్ వచ్చి అప్పటికి నిండా వందేళ్ళు. ఆ ఏడు యునెస్కో, ఐయూపీఏసీ (రసాయన శాస్త్రవేత్తల అంతర్జాతీయ సంఘం) కలిసి దేశదేశాల బడిపిల్లల చేత చేయించింది కూడా ఇలాంటిదే: తమ ఊరి నీళ్ళు తెచ్చి కొలవడం. ఆ పద్ధతినే మన విశాఖకి సరిపోయేలా కుదించి చెబుతున్నాను. మొదటి బల్ల మీద పూల రంగుతో నీళ్ళు ఆమ్లమో క్షారమో చూడటం, రెండో దాని మీద సముద్రపు నీళ్ళలో ఉప్పు తూచడం, మూడో దాని మీద గవ్వల్ని వెనిగర్‌లో పొంగించడం.

ఏమేం కావాలి

మొదటి బల్లకి: తాజా శంఖు పూలు 30 దాకా (కాలనీలో ఏదో ఒక గోడ మీద పాకి ఉంటాయి, అడిగి కోసుకోండి), ఒక లీటరు బ్యాటరీ వాటర్ (లవణాలు తీసేసిన శుద్ధమైన నీళ్ళు), నిమ్మకాయలు, వెనిగర్, వంట సోడా, బట్టల సోడా, పసుపు, కొంచెం తాంబూలం సున్నం, గీతలూ బొమ్మలూ లేని తెల్లటి పారదర్శక గ్లాసులు, చెంచాలు, తెల్ల కాగితాలు, ఒక ప్యాకెట్ పీహెచ్ స్ట్రిప్పులు (నీళ్ళలో ముంచితే ఆమ్లమో క్షారమో అంకెలో చెప్పే కాగితాలు: 7 తటస్థం, తక్కువైతే ఆమ్లం, ఎక్కువైతే క్షారం).

రెండో బల్లకి: సముద్రపు నీళ్ళు ఒక సీసా, చిన్న స్టీలు గిన్నె, 0.1 గ్రాము దాకా చూపే చిన్న తూకం మిషను.

మూడో బల్లకి: ఖాళీ గవ్వలు, ఆల్చిప్పలు, గుడ్డు పెంకులు, వెనిగర్.

అందరికీ: 20 లీటర్ల మంచినీళ్ళ క్యాను, పిల్లల కళ్ళకి రక్షణ అద్దాలు, పాత తువాళ్ళు, ఒక లాంగ్ నోట్‌బుక్. తూకం మిషను కాక మాకు పోయినసారి 600 రూపాయలైంది.

బ్యాటరీ వాటర్ కొనేటప్పుడు సీసా మీద లేబుల్ రెండుసార్లు చదవండి. అదే కొట్లో, అదే అరలో బ్యాటరీ యాసిడ్ కూడా ఉంటుంది. అది సల్ఫ్యూరిక్ యాసిడ్. సీల్ లేని సీసా ఇస్తే తీసుకోకండి.

చేసే పద్ధతి

1. రోజు ఖాయం చేసుకోండి. ఫిబ్రవరి 28 జాతీయ సైన్స్ దినోత్సవం, ఎండా ఉక్కపోతా ఇంకా ముదరవు, నా ఓటు దానికే. ఆగస్టు 2 మన దేశంలో ఆధునిక కెమిస్ట్రీకి ఆద్యుడు ప్రఫుల్ల చంద్ర రాయ్ పుట్టినరోజు, మంచి రోజే గానీ వాన గ్యారంటీ. అక్టోబరు 23ని మోల్ దినంగా చేస్తారు, అవగాడ్రో సంఖ్యలో (ఒక మోల్ పదార్థంలో ఉండే కణాల లెక్క) పదికి 23వ ఘాతం ఉంటుంది కదా, అందుకు. ఆ నెలలో మనకి తుపాను భయం. జనవరి 12 మన జీవరసాయన శాస్త్రవేత్త యల్లాప్రగడ సుబ్బారావు పుట్టినరోజు. భీమవరంలో పుట్టినాయన, ఎవరికైనా చేయాలనిపిస్తుంది. కానీ సంక్రాంతికి ముందు అపార్ట్‌మెంట్ మొత్తం సొంతూళ్ళ బస్సెక్కేసి ఉంటుంది. ఆడవాళ్ళే కలిసి చేసుకునేట్టయితే ఫిబ్రవరిలో ఐయూపీఏసీ ప్రపంచమంతటా నడిపే మహిళల అల్పాహార సమావేశం ఉంది. ఇడ్లీ ప్లేట్లు పట్టుకుని కూర్చుంటే చాలు, అదే రోజు ఎన్నో దేశాల్లో అలాగే కూర్చుంటారు.

2. చోటు చూసుకోండి. అపార్ట్‌మెంట్ సెల్లారు, కమ్యూనిటీ హాలు, స్కూలు వరండా ఏదైనా సరే. ఆర్కే బీచ్‌లో పెడదామని అందరికీ ఉంటుంది. నగరపాలక సంస్థ జీవీఎంసీనీ పోలీసులనీ ముందే అడగాలి. పైగా మధ్యాహ్నం దాటితే గాలికి గ్లాసులు బల్ల మీద నిలవవు. తప్పదనుకుంటే పొద్దున్నే పెట్టుకోండి.

3. మనుషుల్ని వెతకండి. బల్లకి ఇద్దరు, ఫలితాలు రాసే పుస్తకం దగ్గర ఒకరు, మొత్తం ఏడుగురు. ఈ ఊళ్ళో కెమిస్ట్రీ తెలిసినవాళ్ళకి కొరత లేదు. యూనివర్సిటీలోనో, రిఫైనరీలోనో, స్టీల్ ప్లాంట్ ల్యాబ్‌లోనో చేసి రిటైరైన పెద్దాయన ప్రతి బ్లాకులోనూ ఒకరుంటారు. ఆయన్ని పిలవండి, మైకు మాత్రం ఇవ్వకండి. బల్ల పక్కన కుర్చీ వేయండి.

4. వారం ముందు లిఫ్టు దగ్గర కాగితం అంటించండి: "మీ ఇంటి నీళ్ళు ఒక చిన్న సీసాలో పట్టుకు రండి. ఎక్కడివో, ఎప్పుడు పట్టారో సీసా మీద రాయండి." కుళాయి, బోరు, ఆర్ఓ, ఏసీ నుంచి కారే నీళ్ళు, అక్వేరియం, ఏదైనా సరే. బాత్రూం యాసిడ్, బ్లీచింగ్ మాత్రం తేవద్దని పెద్ద అక్షరాలతో రాయండి. రెండూ కలిస్తే క్లోరిన్ గ్యాస్ వస్తుంది. ఏ పిల్లాడో ఉత్సాహంగా పట్టుకొచ్చే ప్రమాదం నిజంగా ఉంది.

5. ముందు రోజు సాయంత్రం శంఖు పూల రంగు తీయండి. పూలకి ఆకుపచ్చ తొడిమలు తీసేయండి, ఉంచితే రంగు మురికిగా దిగుతుంది. 200 మిల్లీలీటర్ల బ్యాటరీ వాటర్ వేడి చేసి, దించి, పూలు వేసి మూత పెట్టండి. పది నిమిషాలకి చిక్కటి నీలం వస్తుంది. టీ వడపోతతో వడకట్టి ఫ్రిజ్‌లో పెట్టండి. బయట వదిలేస్తే మన ఉక్కకి మర్నాటికల్లా పులిసి, రంగు ఊదాకి తిరుగుతుంది. ఐస్ ట్రేలో గడ్డ కట్టిస్తే ఇంకా మంచిది, కావలసినప్పుడు ఒక్కో గడ్డ కరిగించుకోవచ్చు.

ఎక్కువమంది పొరపాటు చేసేది ఇక్కడే. కుళాయి నీళ్ళలోనో బోరు నీళ్ళలోనో పూలు మరిగిస్తారు. ఆ నీళ్ళలో కరిగిన లవణాలుంటాయి, మరిగితే క్షార గుణం పెరుగుతుంది. రంగు పుట్టడమే ఆకుపచ్చగా పుడుతుంది. ఇక దాంతో ఏం కొలుస్తారు?

శంఖు పూలు దొరక్కపోతే ఎర్ర క్యాబేజీ తరిగి అలాగే చేయండి. నిజానికి తటస్థానికి కొంచెం ఇటూ అటూ ఉన్న తేడాలు క్యాబేజీయే బాగా చూపిస్తుంది. ముద్ద మందారం కూడా పనిచేస్తుంది, ఆమ్లంలో ఎరుపు, క్షారంలో ఆకుపచ్చ.

6. పొద్దున్న రంగుల మెట్లు కట్టండి. ఐదు గ్లాసుల్లో 30 మిల్లీలీటర్ల చొప్పున పోసి, ఒక్కో చెంచా శంఖు రంగు కలపండి. నిమ్మరసంలో గులాబీ కలిసిన ఊదా, నీళ్ళు కలిపిన వెనిగర్‌లో ఊదా, బ్యాటరీ వాటర్‌లో నీలం, వంట సోడా నీళ్ళలో నీలి ఆకుపచ్చ, బట్టల సోడా నీళ్ళలో ఆకుపచ్చ రావాలి. ప్రతి గ్లాసు కిందా స్ట్రిప్పుతో చూసిన అంకె రాయండి. నిమ్మరసం 2, 3 మధ్య, వంట సోడా 8 దాటి, బట్టల సోడా 11 చుట్టుపక్కల చూపిస్తాయి. ఈ ఐదు గ్లాసులే మీ కొలబద్ద. గట్టి క్షారంలో ఈ రంగు నిలవదు, పసుపుకి తిరిగి వెలిసిపోతుంది. గంటకోసారి కొత్తవి కలపండి.

7. మొదటి బల్లని పసుపుతో తెరవండి. ఒక గ్లాసులో పసుపు నీళ్ళు, అందులో గోరంత సున్నం. నెత్తురు రంగు. చూసిన ప్రతి ఇల్లాలూ "ఇవి దిష్టి నీళ్ళే కదా!" అంటుంది. మా బల్ల దగ్గర ఒక బామ్మగారు అదే అని ముందుకి వెళ్ళిపోబోయారు. "ఆగండి బామ్మా, మీరే నిమ్మకాయ పిండండి" అని చేతికిచ్చాం. సగం చెక్క పిండేసరికి ఎరుపు చటుక్కున పోయి మళ్ళీ పసుపు తిరిగింది. "ఇదేటి బాబూ, అరవై ఏళ్ళ బట్టి తీస్తన్నాను, వెనక్కొస్తాదని నాకు తెల్దే!" ఆవిడ ఇంకో గంట అక్కడే నిలబడి వచ్చినవాళ్ళందరికీ చూపించారు. మేం పెట్టుకున్న వాలంటీర్లకంటే బాగా చెప్పారు.

సున్నం మాత్రం పిల్లల చేతికి ఇవ్వకండి. కంట్లో పడితే చూపుకే ముప్పు. పడితే నలపకుండా, క్యాను నీళ్ళతో ఇరవై నిమిషాల పాటు ధారగా కడుగుతూనే ఉండాలి, తర్వాత నేరుగా ఆస్పత్రికి తీసుకెళ్ళాలి. క్యాను అందుకే అడిగాను.

8. ఇప్పుడు జనం తెచ్చిన నీళ్ళు. గ్లాసులో 30 మిల్లీలీటర్లు, ఒక చెంచా రంగు, కింద తెల్ల కాగితం. రంగుల మెట్ల పక్కన పెట్టి ఎవరి నీళ్ళు వాళ్ళే పోల్చుకోవాలి. మీరు చెప్పేయకండి. వాళ్ళు చూసి పుస్తకంలో రాశాక స్ట్రిప్పు ముంచి అంకె రాయండి. తర్వాత, వినే ఓపిక ఉన్నవాళ్ళకి సుబ్బారావుగారి మాట చెప్పండి. 1925లో ఆయనా అమెరికా శాస్త్రవేత్త సైరస్ ఫిస్కూ కలిసి రక్తంలో ఫాస్ఫరస్ ఎంతుందో నీలం రంగు ఎంత చిక్కబడిందో చూసి కొలిచే పద్ధతి ఇచ్చారు. గ్లాసు పక్కన గ్లాసు పెట్టి రంగు పోల్చడం అంత చిన్న పనేం కాదు.

9. రెండో బల్ల పని సగం ఇంట్లోనే అయిపోవాలి. ఖాళీ గిన్నె తూచి బరువు రాసుకోండి. 100 గ్రాముల సముద్రపు నీళ్ళు పోసి ఇండక్షన్ మీద మరిగించండి. చివర్లో ఉప్పు చిటపటమని ఎగురుతుంది, వేడి తగ్గించి పైన జల్లెడ బోర్లించండి. ఎగిరిపోయిన ప్రతి గింజా లెక్కలో తప్పే. పూర్తిగా ఆరాక, గోరువెచ్చగా ఉండగానే తూచండి. చల్లారేదాకా వదిలితే మన గాలిలోని తేమని ఉప్పు పీల్చేసుకుంటుంది. మళ్ళీ రెండు నిమిషాలు వేడిచేసి మళ్ళీ తూచండి. రెండుసార్లూ ఒకే బరువొస్తే అదే లెక్క. బల్ల మీద ఆ గిన్నె, తూకం మిషను, పక్కన నీళ్ళ సీసా పెట్టి, గిన్నె బరువు తీసేసే లెక్క వచ్చినవాళ్ళ చేత చేయించండి.

3 నుంచి 3.5 గ్రాముల మధ్య రావాలి. సముద్రాల సగటు కిలోకి 35 గ్రాములు. అక్టోబరు, నవంబరుల్లో చేస్తే తగ్గుతుంది, అప్పుడు ఉత్తరాది పెద్ద నదుల నీళ్ళు తీరం వెంట మన వైపు దిగుతాయి. 4 దాటితే ఇంకా తడి ఉందన్నమాట. 2 దగ్గర ఆగితే ఎగిరిపోయిందన్నా కావాలి, మీరు గెడ్డ (వాగు) సముద్రంలో కలిసే చోట నీళ్ళు పట్టారన్నా కావాలి. గెడ్డకి బాగా దూరంగా వెళ్ళి, మోకాలి లోతు దాటకుండా పట్టండి. అల పెద్దగా ఉంటే ఆ రోజు మానేయండి, మన తీరంలో ఒడ్డునే లాగేస్తుంది.

తూకం మిషను లేదా? వేసవిలో డాబా మీద వెడల్పాటి పళ్ళెంలో ఎండబెట్టండి, పైన పల్చటి గుడ్డ కట్టి. నౌపడలో మడుల్లో ఉప్పు పండించేదీ ఇలాగే. అంకె రాదు గానీ ఉప్పు కనిపిస్తుంది. నాలుక మీద వేసుకోనివ్వకండి.

10. మూడో బల్ల తేలిక. గవ్వలు నలగ్గొట్టి ఒక చెంచాడు గ్లాసులో వేసి వెనిగర్ పోయండి. బుడగలొస్తాయి, అవి కార్బన్ డయాక్సైడ్. బొర్రా గుహల రాయీ ఈ గవ్వా ఒకటే పదార్థం, కాల్షియం కార్బొనేట్. కొండ మీద వాన నీరు మట్టిలోని అదే వాయువుని కలుపుకుని పల్చటి ఆమ్లమై, రాయిని కరిగించుకుంటూ గుహలోకి దిగి, చుక్క రాలేచోట మళ్ళీ రాయిగా పేరుకుంటుంది. గవ్వని కాలిస్తే గుల్ల సున్నం. ఇంతకంటే థియరీ వద్దు.

బోర్డు మీద రాసే సుద్దముక్క వేసి "పొంగడం లేదేంటి" అని చాలామంది అడుగుతారు. ఇప్పటి సుద్దముక్కలు ఎక్కువగా జిప్సంతో చేస్తున్నారు, అది పొంగదు. ముగ్గు పిండి తెమ్మని చెప్పండి, సరదాగా ఉంటుంది: పొంగితే సున్నపురాతి ముగ్గు, పొంగకపోతే బియ్యప్పిండో మరేదైనా రాయో. గవ్వలు ఏరేటప్పుడు లోపల ప్రాణి ఉన్నవి వదిలేయండి.

ఫలితం సరైందో కాదో ఎలా తెలుస్తుంది

ఒకే నీళ్ళని రెండు సీసాల్లో పోసి, వేర్వేరు నంబర్లు వేసి, ఎవరికీ చెప్పకుండా వరసలో పెట్టండి. మేం దాన్ని దొంగ సీసా అంటాం. రెండింటికీ ఒకే రంగు రాస్తే మీ బల్ల బాగా నడుస్తున్నట్టు. వేరువేరుగా రాస్తే వెలుతురు చూసుకోండి. మొదటిసారి మేం ఎరుపూ పసుపూ గళ్ళ షామియానా కింద పెట్టాం. గుడ్డలోంచి దిగిన వెలుగుకి నీలం గ్లాసులన్నీ బురద రంగులో కనిపించాయి. పొద్దుటి నుంచి రాసిన రెండు పేజీలు కొట్టేసి, బల్ల నీడపట్టు వరండాలోకి లాక్కుపోయాం. తెల్ల గుడ్డ గానీ తెల్ల గోడ పక్క గానీ ఉండాలి.

ఆర్ఓ నీళ్ళు, ఏసీ నీళ్ళు గందరగోళం చేస్తాయి. వాటిలో లవణాలు తక్కువ, అందుకని చెంచా రంగు కలిపితే ఆ రంగుకున్న గుణమే పైకి వస్తుంది. స్ట్రిప్పు కూడా తడబడుతుంది. ఆ వరసలో "నమ్మకం తక్కువ" అని రాసుకోండి. ఇంకోటి, 5 నుంచి 7 దాకా శంఖు రంగు అంతా నీలంగానే ఉంటుంది. ఆ మధ్య తేడాలకి స్ట్రిప్పు మాటే వినాలి.

"అయితే మా నీళ్ళు తాగొచ్చా?" అని తప్పకుండా అడుగుతారు. తాగే నీళ్ళకి మన దేశపు ప్రమాణం ఐఎస్ 10500 ప్రకారం పీహెచ్ 6.5 నుంచి 8.5 మధ్య ఉండాలి. కానీ పీహెచ్ బాగున్నంత మాత్రాన నీళ్ళు మంచివని కాదు. సూక్ష్మజీవులూ ఫ్లోరైడూ ఈ రంగులో కనపడవు. "మీ నీళ్ళు సేఫ్" అనే మాట మీ నోట రాకూడదు, అనుమానముంటే ల్యాబ్‌లో పరీక్ష చేయించమనండి.

ఒక ప్రశ్నకి ముందే సిద్ధపడండి

గోపాలపట్నం వైపు నుంచి వచ్చిన ఒకావిడ మా బల్ల దగ్గర నిలబడి అంది: "కెమికల్ అంటేనే మాకు గుండె దడ బాబూ, దానికి పండగేటి?" 2020 మే 7 తెల్లవారుజామున ఆర్.ఆర్. వెంకటాపురంలో ఎల్జీ పాలిమర్స్ ఫ్యాక్టరీ నుంచి స్టైరీన్ (ప్లాస్టిక్ తయారీకి వాడే రసాయనం) ఆవిరి ఇళ్ళలోకి వచ్చినప్పుడు ఆవిడ పిల్లల్ని ఎత్తుకుని పరిగెత్తిన మనిషి. మా వాలంటీరు కుర్రాడు "అది వేరమ్మా, ఇది వేరు" అన్నాడు. అలా అనకండి. రెండూ కెమిస్ట్రీయే.

తెలిసినంత నిదానంగా చెప్పండి. స్టైరీన్ ద్రవాన్ని చల్లగా ఉంచాలి, దాని అణువులు ఒకదానికొకటి అతుక్కోకుండా ఆపే మందు కలిపి ఉంచాలి. ఈ రెండూ తప్పితే అణువులు గొలుసులు కట్టడం మొదలుపెడతాయి, దాంతో వేడి పుడుతుంది, ఆ వేడికి ఇంకా వేగంగా కడతాయి. ట్యాంకులో ద్రవం ఆవిరైపోతుంది. ఆ ఆవిరి గాలికంటే బరువు, నేల వెంట పాకుతుంది. పల్లంలో ఉన్న ఇళ్ళకి, నేల మీద పడుకున్నవాళ్ళకి ముందు తగులుతుంది. ఆవిడ అంతా విని, "మరి ఆ రాత్రి ఈ మాట మాకెవరు చెప్పారు?" అంది. మా దగ్గర జవాబు లేదు. కూర్చోబెట్టి మంచినీళ్ళిచ్చాం. కాసేపయ్యాక తనే లేచి, సంచిలోంచి బోరు నీళ్ళ సీసా తీసి బల్ల మీద పెట్టింది. పుస్తకంలో 41వ వరస ఆవిడదే: నీలి ఆకుపచ్చ, స్ట్రిప్పు 8.

అయిపోయాక

ఈ ద్రావణాలన్నీ పల్చనివే, ఎక్కువ నీళ్ళతో సింకులో పోసేయొచ్చు. సున్నం అడుగు మాత్రం కాగితంలో చుట్టి పొడి చెత్తలో వేయండి. గవ్వలు మళ్ళీ ఒడ్డునే వదిలేయండి. గ్లాసులు కడిగి దాచుకుంటే వచ్చే ఏడు కొనక్కర్లేదు.

పుస్తకాన్ని ఫోటోలు తీసి అపార్ట్‌మెంట్ గ్రూపులో పెట్టేముందు ఫ్లాట్ నంబర్లు కొట్టేయండి. ఫలానావాళ్ళ బోరు నీళ్ళలో క్షారం ఎక్కువని తేలితే అద్దెకి వచ్చేవాళ్ళు రారని ఒక ఓనరుగారు మా మీద నెల రోజులు అలిగారు. "బోరు, మూడో బ్లాకు వైపు" అని రాస్తే చాలు. వచ్చే ఏడు అదే బోరు నీళ్ళు అదే నెలలో పట్టించండి, పక్క గడిలో రాసుకోవడానికి ఇప్పుడే ఖాళీ వదలండి.